పసుపు వెలుగులో ఇద్దరు పిల్లలు: ఒకే ఫొటోను మూడుసార్లు దిద్దిన అనుభవం

మా అక్క పిల్లలిద్దరికీ నేను తీసిన ఫొటో వాళ్ల హాలు గోడ మీద సరిగ్గా రెండు రోజులే ఉంది. మూడో రోజు అక్క ఫోన్ చేసి, "ఏమీ అనుకోకే, ఫొటో బాగానే ఉంది కానీ పిల్లలు చన్నీళ్లలో నాని వచ్చినట్టు నీలంగా మారిపోయి ఉన్నారు" అంది. నేను ఒప్పుకోలేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని, ముఖాల మీది పసుపును కొద్దికొద్దిగా తీసివేస్తూ, వాళ్ల బుగ్గలు నేను ఎరిగిన రంగుకు వచ్చాయని తృప్తి కలిగాకనే ఆ ఫైలును ప్రింటుకు పంపించాను. అయినా మరునాడు ఉదయం అదే ఫైలును అదే ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే అక్క మాట అక్షరాలా నిజమని తేలింది. రాత్రి ఎనిమిది దాటగానే కంటికి శ్రమ తగ్గించడానికి స్క్రీను తనంతట తానే పసుపుపచ్చగా మారే ఏర్పాటు ఒకటి ల్యాప్‌టాప్‌లో ఉంది. దాన్ని ఎప్పుడో నేనే పెట్టుకుని మరిచిపోయాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత. ఇక్కడ కామెర్లు వచ్చింది స్క్రీనుకి, వైద్యం జరిగింది పిల్లలకి.

ఆ తప్పు తెలిసిన తరువాత ఫొటోను మరో రెండుసార్లు మొదటి నుంచి దిద్దవలసి వచ్చింది. రెండోసారి లెక్కప్రకారం అన్నీ సరిగా చేసినా ఫొటో నచ్చలేదు. మూడోసారి లెక్కను కొంత పక్కనపెట్టి చేసినది ఇప్పుడు గోడ మీద ఉంది. ఈ మూడింటికీ మధ్య తేడా అంతా పసుపును ఎంత తీయాలి, ఎంత ఉంచాలి అన్న ఒక్క నిర్ణయంలోనే ఉంది కనుక, ఫొటో తీసిన సాయంత్రం నుంచి మొదలుపెట్టి అది ఎలా జరిగిందో చెబుతాను.

అక్క అడిగింది స్టూడియో ఫొటో కాదు. పడుకునే ముందు అరగంట పాటు ఐదేళ్ల అక్క, రెండున్నరేళ్ల తమ్ముడు మంచం మీద పక్కపక్కన కూర్చుని బొమ్మల పుస్తకం చూస్తారు. పెద్దది చదువుతున్నట్టు నటిస్తుంది, చిన్నవాడు నమ్ముతాడు. ఆ దృశ్యం ఉన్నది ఉన్నట్టుగా కావాలని ఆమె కోరిక. ఉన్నది ఉన్నట్టుగా అంటే, మంచం పక్కన చిన్న బల్ల మీద ఉండే గుడ్డ షేడు దీపం వెలుగులోనే తీయాలి.

గదిలోకి వెళ్లి చూస్తే అక్కడ ఉన్నవి ఒకటి కాదు, మూడు వెలుగులు. బల్ల మీది దీపంలో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉంది. వెలుగు ఎంత పసుపో, ఎంత నీలమో చెప్పే కొలతను రంగు ఉష్ణోగ్రత అంటారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. అలాంటి బల్బు వెలుగు రంగు ఉష్ణోగ్రత సుమారు 2,700 కెల్విన్లు ఉంటుంది, మీగడ రంగు గుడ్డ షేడు గుండా వచ్చేసరికి ఇంకొంచెం తగ్గుతుంది. పైకప్పుకు తెల్లటి ఎల్ఈడీ లైటు ఉంది. పొద్దు వాలిన తరువాత కిటికీలోంచి వచ్చే ఆకాశపు వెలుగు మూడోది. మధ్యాహ్నపు ఎండ 5,500 కెల్విన్ల దగ్గర ఉంటే, సూర్యుడు నేరుగా పడని నీలాకాశపు వెలుగు దానికన్నా చాలా ఎక్కువగా, నీలంగా ఉంటుంది. మూడు రకాల వెలుగులు ఒకే ముఖం మీద మూడు వైపుల నుంచి పడితే ఏ ఒక్క సవరణతోనూ ఆ ముఖం కుదుటపడదు. ఒక బుగ్గను బాగుచేస్తే రెండో బుగ్గ చెడుతుంది.

కనుక కెమెరా తీయకముందే పైకప్పు లైటు ఆర్పేశాను. అది ఆకుపచ్చ ఛాయ ఇస్తుందన్నది ఒక కారణం. ముఖ్యమైన కారణం వేరే ఉంది. బల్బుల డబ్బాల మీద రంగుల నాణ్యతకు గుర్తుగా వేసే సీఆర్ఐ అనే అంకెను మొదటి ఎనిమిది రంగు నమూనాల సగటుతో లెక్కిస్తారు. ముదురు ఎరుపు తొమ్మిదో నమూనా కాబట్టి ఆ సగటులోకి రాదు. చౌక ఎల్ఈడీ బల్బు మంచి అంకె చూపిస్తూనే ముదురు ఎరుపులో బలహీనంగా ఉండగలదు. మనిషి చర్మానికి, అందులోనూ పిల్లల బుగ్గలకూ పెదవులకూ ప్రాణం పోసేది ఆ ఎరుపే. వెలుగులోనే లేని రంగును తరువాత స్క్రీను మీద ఎంత పెంచినా అది పూత పూసినట్టు ఉంటుంది తప్ప చర్మంలోంచి వచ్చినట్టు ఉండదు. ఫిలమెంట్ బల్బులో నీలం తక్కువే కానీ ఎరుపుకు లోటు లేదు. కిటికీ తెరను పూర్తిగా వేయకుండా ఒక జానెడు వదిలాను. అలా వదలడం తరువాత నాకు పని పెట్టింది, అయినా ఆ నిర్ణయం గురించి పశ్చాత్తాపం లేదు.

ఫ్లాష్ వాడవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఫ్లాష్ వెలుగు ఎండ రంగుకు దగ్గరగా ఉంటుంది. దాని ముందు నారింజ రంగు జెల్ కాగితం కట్టి బల్బు రంగుకు దించవచ్చు, పైకప్పుకు కొట్టి మెత్తబరచనూ వచ్చు. కానీ అప్పుడు వెలుగు పైనుంచి వస్తుంది, దీపం నుంచి కాదు. అక్క అడిగిన దృశ్యం అక్కడే పోతుంది.

పిల్లలను కూర్చోబెట్టడంలో ఒక చిన్న లెక్క ఉంది. దీపం నుంచి దూరం పెరిగేకొద్దీ వెలుగు ఆ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. దీపానికి 70 సెంటీమీటర్ల దూరంలో ఒకరు, 110 సెంటీమీటర్ల దూరంలో మరొకరు కూర్చుంటే మొదటివారి మీద పడే వెలుగు రెండోవారి మీద పడేదానికి సుమారు రెండున్నర రెట్లు ఉంటుంది. షేడు ఉన్న దీపం చుక్కంత వెలుగు కాదు కనుక ఇది కచ్చితమైన లెక్క కాదు, అయినా ఫొటోలో తేడా స్పష్టంగా తెలిసేంత ఉంటుంది. పెద్దపాప చామనచాయ, చిన్నవాడు లేతరంగు. అందుకని పాపను దీపం వైపు, బాబును కిటికీ వైపు కూర్చోబెట్టమని అక్కకు చెప్పాను. మామూలుగా ఇబ్బంది పెట్టే ఆ తేడా ఇద్దరి ముఖాలనూ ఒకదానికొకటి దగ్గరగా తెచ్చింది. ఇక వాళ్ల ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం తెల్ల కాగితాలు దీపపు వెలుగును కింది నుంచి గడ్డాల మీదికి విసిరి, కళ్ల కింది నీడలను మెత్తబరిచాయి. ఇది నేను చేసిన ఏర్పాటు కాదు, పుస్తకం చేసిన ఉపకారం.

50 మిల్లీమీటర్ల లెన్సుతో, నేల మీద మోకాళ్లపై కూర్చుని, వాళ్ల కళ్ల ఎత్తుకు కెమెరాను దించి తీశాను. అపర్చర్ (లెన్సు తెరుచుకునే రంధ్రం) ఎఫ్ 2.8, షట్టర్ (వెలుగును లోపలికి రానిచ్చే సమయం) సెకనులో 125వ వంతు, ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు స్పందించే స్థాయి) 3,200. రెండు మీటర్ల దూరం నుంచి ఈ అపర్చర్ దగ్గర స్పష్టంగా వచ్చే లోతు పావు మీటరు కన్నా కాస్త ఎక్కువ. ఇద్దరి ముఖాలూ ఆ పావు మీటరులో ఉండాలంటే ఇద్దరూ పుస్తకం మీదికి వంగాలి, అందుకే పుస్తకం ఉండడం ఎంతో కలిసివచ్చింది. సెకనులో 125వ వంతు రెండున్నరేళ్ల పిల్లవాడికి చాలదని తెలుసు. కానీ ఇంకా వేగం పెంచితే ఐఎస్ఓ పెంచాలి, ఆ వెలుగులో దానివల్ల ఫొటో మరీ గరుకెక్కుతుంది. వాడి చెయ్యి కదిలిన ఫొటోలను వదులుకోవడానికి సిద్ధపడి వరుసగా తీస్తూ పోయాను. తీసిన 140 ఫొటోలలో ఇద్దరి కళ్లూ తెరిచి, ఇద్దరి ముఖాలూ స్పష్టంగా ఉన్నవి 11.

మొదటి 20 ఫొటోలు వేరే కారణంతో పాడయ్యాయి. వెనక తెర మీద అంతా బాగున్నట్టే కనబడింది, ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు దాకా ఫొటోలో ఏది ఎంత ఉందో చూపే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫు కూడా కుడి అంచును తాకలేదు. అలవాటు కొద్దీ మూడు రంగులనూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్‌ను తెరిస్తే, నీలం ఎడమ గోడకు అతుక్కుని ఉంది, ఎరుపు కుడి గోడను దాటి పోయింది. పసుపు వెలుగులో ఎరుపు ముందుగా నిండిపోతుంది. పాప నుదుటి మీద, ముక్కు కొన మీద ఎరుపు నిండిపోయిన చోట చర్మంలోని సన్నని హెచ్చుతగ్గులన్నీ చెరిగిపోయి, అక్కడ నారింజ రంగు బిళ్ల అతికించినట్టు కనబడుతుంది. ఆ తరువాత ఎంత దిద్దినా ఆ బిళ్ల బిళ్లగానే ఉంటుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించాను (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది). ఫొటోలు కాస్త చీకటిగా కనబడ్డాయి, ఎరుపు మాత్రం దక్కింది. కెమెరా ఏ దిద్దుబాటూ చేయకుండా దాచే రా ఫైలులో చీకటిని పైకి లాగవచ్చు, నిండి పొర్లిపోయినదాన్ని వెనక్కి తేవడానికి మాత్రం దారి లేదు.

గ్రే కార్డు సంగతి చెప్పాలి. పడిన వెలుగులో 18 శాతాన్ని తిరిగి పంపే, ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట అది. దాన్ని ముఖాల దగ్గర పెట్టి ఒక ఫొటో తీసుకుంటే, ఆ గదిలో వెలుగు అసలు రంగేమిటో తరువాత కచ్చితంగా చదువుకోవచ్చు. దాన్ని పాప చేతికిచ్చి గడ్డం కింద పట్టుకోమన్నాను. "ఇందులో ఏమీ రాయలేదేంటి పిన్నీ?" అని తిప్పి తిప్పి చూసింది. చిన్నవాడు లాక్కుని మూల కొరికాడు. అట్ట దీపం వైపు వంగితే ఒక అంకె, కిటికీ వైపు వంగితే మరొక అంకె వస్తుంది కనుక, ముఖం ఏ వైపు ఉందో అట్ట కూడా ఆ వైపే ఉండాలి. ఐదేళ్ల పిల్లకు అది చెప్పడం కష్టమే. "అద్దంలో చూసుకుంటున్నట్టు పట్టుకుని, ఇప్పుడు అద్దాన్ని నాకు చూపించు" అంటే అర్థమైంది. పంటిగాటు పడిన ఆ అట్టను ఇప్పటికీ వాడుతున్నాను.

మొదటి ప్రింటు అవమానం తరువాత స్క్రీనును సరిచేసుకోవడంతో పని మొదలుపెట్టాను. రాత్రి పసుపు ఏర్పాటును తీసేశాను. గదిలో వెలుగును బట్టి స్క్రీను రంగు మారే మరో సదుపాయం ఉంటే దాన్నీ ఆపాను. ఒక స్నేహితుడి దగ్గర రంగులు కొలిచే కలోరిమీటర్ తెచ్చి స్క్రీను మీద వేలాడదీసి, తెలుపును 6,500 కెల్విన్లకు, చీకటి వెలుగుల మధ్య మెట్లను నిర్ణయించే గామాను 2.2కు, ప్రకాశాన్ని చదరపు మీటరుకు 120 క్యాండెలాలకు సరిచేశాను. అంతకు ముందు నా స్క్రీను ప్రకాశం దీనికి దాదాపు రెట్టింపు ఉండేదని అప్పుడు తెలిసింది. ప్రింట్లన్నీ అనుకున్నదానికన్నా చీకటిగా వస్తున్నాయని ఏళ్ల తరబడి విసుక్కున్నదానికి కారణం అది.

రెండోసారి దిద్దడం పుస్తకంలో చెప్పినట్టు చేశాను. గ్రే కార్డు ఫొటోను తెరిచి అట్ట మీద నొక్కితే రంగు ఉష్ణోగ్రత 2,600 అని చూపింది. ఆ సవరణను ఎంచుకున్న ఫొటోకు వర్తింపజేశాను. బూడిద బూడిదగానే ఉంది, పుస్తకం కాగితాలు తెల్లగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క అంకె తప్పులేదు. కానీ ఫొటోలో రాత్రి లేదు. దీపం వెలుగుతూ ఉంది, అయినా దాని షేడు ఉతికి ఆరేసిన గుడ్డలా పాలిపోయి ఉంది. మంచం చెక్క మీద బూడిద పేరుకున్నట్టు ఉంది. పిల్లలు పగటి పూట ఏదో కార్యాలయంలో తమ వంతు కోసం ఎదురుచూస్తూ పుస్తకం చూస్తున్నట్టు ఉన్నారు. అక్కకు పంపకముందే నాకే నచ్చలేదు.

అంకెలన్నీ ఒప్పైనప్పుడు ఫొటో ఎందుకు తప్పుగా అనిపించిందో ఆలోచిస్తే, దోషం నా కళ్లలోనే ఉందని అర్థమైంది, నిజానికి అది దోషం కూడా కాదు. మన కన్ను వెలుగు రంగుకు అలవాటు పడుతుంది. కంటిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైపు స్పందించే మూడు రకాల కణాలు తమ తమ స్పందనను విడివిడిగా హెచ్చించుకుని, తగ్గించుకుని దీన్ని సాధిస్తాయని జర్మన్ శాస్త్రవేత్త యోహానెస్ ఫాన్ క్రీస్ 1902లో ప్రతిపాదించాడు. తెలుపు తెల్లగానే కనబడేలా ఇప్పటి కెమెరాలు చేసే వైట్ బ్యాలెన్స్ లెక్కకు మూలం ఆ ఆలోచనే. అయితే కెమెరాకు, కంటికి ఒక తేడా ఉంది. కెమెరా ఆ సర్దుబాటును చివరిదాకా తీసుకుపోగలదు, కన్ను తీసుకుపోదు. ఫిలమెంట్ బల్బు అంత పసుపు వెలుగులో కన్ను కొంతవరకే అలవాటు పడి ఆగిపోతుంది. అందుకే దీపం కింద కూర్చుని తెల్లకాగితం చూస్తే అది తెల్లదని తెలుస్తూనే ఉంటుంది, వెలుగు వెచ్చగా ఉందనీ తెలుస్తూనే ఉంటుంది. ఆ సాయంత్రం గదిలో నేను చూసింది ఆ మధ్య స్థితిని. గ్రే కార్డు చెప్పింది వెలుగు ఏమిటన్నది మాత్రమే, నాకు అది ఎలా కనబడిందన్నది కాదు. మొదటిసారి నేను చేసిన తప్పును రెండోసారి కొలతలతో కచ్చితంగా చేశానన్నమాట.

మూడోసారి ఆ మధ్య స్థితిని వెతకడానికి కూర్చున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లను తికమకపెట్టే విషయం ఇక్కడ ఒకటుంది. దిద్దే సాఫ్ట్‌వేర్‌లో కెల్విన్ల అంకెను పెంచితే ఫొటో పసుపు అవుతుంది, అసలు వెలుగులోనేమో అంకె పెరిగితే నీలం అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు మనం చెప్పే అంకె "వెలుగు ఈ రంగులో ఉండింది" అన్న మాట మాత్రమే. వెలుగు నీలంగా ఉండిందని మనం చెబితే అది దానికి విరుగుడుగా పసుపు కలుపుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఆ అంకెను అటూ ఇటూ జరిపే స్లయిడర్‌తో పేచీ ఉండదు. 2,600 దగ్గర నుంచి వంద చొప్పున పెంచుతూ పోయాను. ఈ అడుగున ఉన్న అంకెల దగ్గర 100 కెల్విన్ల తేడా కంటికి బాగా తెలుస్తుంది, అదే 6,000 దగ్గరైతే తెలియను కూడా తెలియదు. 2,800 దగ్గర దీపం వెలిగింది. 3,000 దగ్గర చెక్కకు ప్రాణం వచ్చింది. 3,400 దగ్గర పిల్లల ముఖాలకు నలుగు పెట్టినట్టయింది. వెనక్కి వచ్చి 3,050 దగ్గర ఆగాను. ప్రతి పది నిమిషాలకూ లేచి వెళ్లి వరండాలో నిలబడి వచ్చేదాన్ని. స్క్రీనునే చూస్తూ కూర్చుంటే కన్ను దానికీ అలవాటు పడి, ఎంత పసుపైనా సరేనంటుంది.

అంతకు ముందు దగ్గరి దారులు వెతకకపోలేదు. పాప తెల్ల గౌను మీద నొక్కితే తెలుపు సరిపోతుంది కదా అని ప్రయత్నించాను. ముఖాలు ఇంకా పసుపెక్కాయి. తెల్ల బట్టల్లోనూ, ఉతికే సబ్బుపొడుల్లోనూ తెల్లదనం కోసం కలిపే పదార్థాలు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలం వెలుగుగా బయటికి పంపుతాయి. ఫిలమెంట్ బల్బులో ఆ కిరణాలు బహుకొద్ది. కిటికీ వెలుగులో మాత్రం ఉంటాయి. నేను నొక్కింది కిటికీ వైపు భుజం మీద. అక్కడ గౌను తెలుపు కాదు, లేత నీలం. సాఫ్ట్‌వేర్ దానికి తగినంత పసుపు కలిపింది. మరోసారి కంటి తెల్లగుడ్డు మీద నొక్కాను. చిన్నపిల్లల్లో ఆ పొర పలచగా ఉండి, లోపలి నుంచి నీలి ఛాయ కొంత పైకి తేలుతుంది కనుక అక్కడా అదే ఫలితం. పెద్దవాళ్ల ఫొటోల్లో ఆదుకునే చిట్కాలు పసిపిల్లల దగ్గర మోసం చేస్తాయి.

ఇక కిటికీ తెర జానెడు వదిలినందుకు చెల్లించిన సుంకం. చిన్నవాడి కుడి చెవి, చెంప అంచు, ఆ వైపు జుట్టు నీలంగా ఉన్నాయి. ఫొటో మొత్తాన్ని వెచ్చబరిచాక ఆ నీలం మరింత కొట్టొచ్చినట్టు కనబడింది. సవరణ ఆ భాగానికే పరిమితమయ్యేలా బ్రష్‌తో దాని మీద మాత్రమే మాస్క్ వేసి, అంచులు మెత్తగా ఉంచి, రంగు ఉష్ణోగ్రతను పసుపు వైపు జరిపాను. చెంప మీద నీలాన్ని దాదాపు పూర్తిగా తీసేశాను, జుట్టు అంచున సగమే తీశాను. బయట ఇంకా కాస్త వెలుతురు ఉందని, లోపల దీపం పెట్టుకున్నారని చెప్పేది ఆ సన్నని నీలపు గీతే. మరో చిన్న చిక్కు కూడా ఉంది. వాళ్ల ఒళ్లో ఉన్న ఎర్ర దుప్పటి పాప గడ్డం కింద ఎర్రగా ప్రతిఫలించి దద్దురు లేచినట్టు అనిపించింది. దానికీ అలాంటి మాస్క్ వేసి ఎరుపు గాఢతను కొంత తగ్గించాను. దుప్పటి ఏ రంగుదో ముందే చూసుకుని ఉంటే ఆ పని తప్పేది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది ఇద్దరి చర్మం రంగు దగ్గర. ఒకే ఫొటోలో ఒక చామనచాయ ముఖం, ఒక లేతరంగు ముఖం ఉన్నప్పుడు దిద్దేవారి చెయ్యి తెలియకుండానే రెండింటినీ ఒకటి చేయాలని చూస్తుంది. నారింజ రంగు ప్రకాశాన్ని పెంచే స్లయిడర్ ఒకటుంటుంది. దాన్ని జరిపితే చర్మమంతా తెల్లబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఫోన్‌లో ఫొటో చూసి, పెద్దదాన్ని కూడా కాస్త తేటగా చేయమని అడిగారు కూడా. చేయనని మర్యాదగానే చెప్పాను. రంగు దిద్దడమంటే వెలుగు చేసిన మార్పును సరిచేయడం. పిల్ల రంగు వెలుగు చేసిన మార్పు కాదు కదా.

దీనికి అంకెల ఆసరా కూడా దొరికింది. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో పాప బుగ్గ మీద ఎరుపు 170, ఆకుపచ్చ 116, నీలం 80 ఉన్నాయి. బాబు బుగ్గ మీద 208, 156, 120. ఒకటి ముదురు, ఒకటి లేత, కానీ రంగుల చక్రం మీద ఆ రెండింటి స్థానం లెక్కిస్తే రెండూ 24 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. ఇది కాకతాళీయం కాదు. చర్మం రంగు ఎంత తేడాగా ఉన్నా దాన్ని నిర్ణయించేవి ముఖ్యంగా చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థం, కింద పారే రక్తం. అందుకే ముదురు లేతల్లో ఎంతో తేడా ఉన్నా వర్ణంలో, అంటే రంగుల చక్రం మీది స్థానంలో, తేడా స్వల్పం. వీడియోలు దిద్దేవారు రంగులను చక్రం మీద చూపించే వెక్టర్‌స్కోపు అనే పరికరం మీద చర్మం కోసం ఒకే ఒక గీతను చూసుకుని పనిచేసేది ఈ కారణం చేతనే. కనుక ఇద్దరి వర్ణం ఒకచోట కలిసిందా లేదా అని మాత్రమే చూసుకున్నాను, ప్రకాశం జోలికి పోలేదు. ఫిల్ము కాలంలో ల్యాబులు తమ యంత్రాలను సరిచేసుకోవడానికి కోడక్ అనే ఫిల్ము కంపెనీ పంపే నమూనా ఫొటోలను వాడేవి. వాటిని షర్లీ కార్డులు అనేవారు. దశాబ్దాల పాటు వాటిలో ఉన్నది తెల్లజాతి స్త్రీ మాత్రమే. వేర్వేరు చర్మపు రంగులున్న స్త్రీలను కలిపి చూపే కార్డు 1990లలో గానీ రాలేదు. పాత ఆల్బమ్‌లలో నల్లటి ముఖాలు వివరమే లేకుండా మునిగిపోయి కనబడినప్పుడు తప్పంతా తీసినవారిదేనని నేను ఇప్పుడు అనుకోను.

మిగిలిన పని త్వరగా అయిపోయింది. పసుపు వెలుగులో కెమెరాకు నీలం చాలా తక్కువగా అందుతుంది. రంగు సరిచేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ కొద్ది నీలాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది, దానితో పాటు అందులోని గరుకుతనాన్నీ, అంటే చుక్కలు చుక్కలుగా కనబడే మచ్చలనూ, పెంచుతుంది. నీడల్లో నీలి, ఊదా మచ్చలు కనబడ్డాయి. రంగు గరుకును తగ్గించే స్లయిడర్‌ను 25 నుంచి 40కి పెంచితే అవి పోయాయి. ప్రకాశపు గరుకును అలాగే వదిలాను. దాన్ని నున్నబరిస్తే పిల్లల చర్మం మైనంలా అవుతుంది.

ఈసారి నేరుగా పెద్ద ప్రింటుకు పోలేదు. ముఖాలున్న భాగాన్ని మాత్రమే కత్తిరించి, 2,850, 2,950, 3,050 కెల్విన్ల సవరణలతో మూడు ముక్కలు ఒకే కాగితం మీద పక్కపక్కన ప్రింటు వేయించాను. ఆ కాగితం పెద్ద ప్రింటుకు వాడబోయే, మెరుపు లేని మ్యాట్ కాగితమే. అలాంటి కాగితం మీద గాఢమైన నారింజలు స్క్రీను మీద ఉన్నంత నిండుగా రావు కనుక వేరే కాగితం మీద పరీక్షించి లాభం లేదు. ల్యాబు కోరినట్టు ఫైలును ఎస్ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల పద్ధతిలో పంపాను. ప్రింటు వచ్చాక మా ఇంట్లో కిటికీ పక్కన పెట్టి చూస్తే, స్క్రీను మీద నేను ఎంచుకున్న 3,050 ముక్కే బాగుంది. అక్కడితో ఆగిపోయేదాన్నే. కానీ మొదటి ప్రింటు జ్ఞాపకం ఉండడం వల్ల, ఆ కాగితాన్ని తీసుకుని సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను.

హాల్లో ఫ్రేము వేలాడే చోట గోడకు ఆనించి లైటు వేశాను. 3,050 ముక్కలో పిల్లలు మళ్లీ నలుగు పెట్టుకున్నట్టే ఉన్నారు. ఆ గోడ మీద పడేది కూడా పసుపు బల్బు వెలుగే. ఫొటోలో నేను ఉంచిన పసుపు మీద హాలు పసుపు చేరి రెండూ కలిసిపోయాయి. స్క్రీను తన వెలుగును తానే తెచ్చుకుంటుంది, కాగితం మాత్రం ఎక్కడ ఉంటే అక్కడి వెలుగును అరువు తెచ్చుకుంటుంది. ఈ సంగతి తెలియక కాదు, ఇంత తేడా ఉంటుందని అనుకోలేదు. 2,950 ముక్క ఆ గోడ మీద గదిలో నేను చూసిన సాయంత్రంలా ఉంది. దీపం వెలుగుతోంది, పాప పాప రంగులో ఉంది, బాబు చెవి వెనక ఆకాశం ఒక గీతంత మిగిలి ఉంది. అక్క మూడింటినీ ఒక్కసారి చూసి, నేనేమీ చెప్పకముందే మధ్య ముక్క మీద వేలు పెట్టింది. లైటు ఆర్పి తలుపు తీసి, పగటి వెలుగు ఇంకా మిగిలి ఉన్న వైపు తిప్పి కూడా చూశాం. అక్కడ అది రవ్వంత చల్లబడింది కానీ చెడిపోలేదు.

పెద్ద ప్రింటు ఆ అంకెతోనే వచ్చి, నెల రోజులుగా గోడ మీద ఉంది. నిన్న అక్క ఫోన్ చేసి, పడకగదిలో పెట్టుకోవడానికి ఇంకో కాపీ కావాలంది. అది మంచం ఏ వైపు గోడకు పెడుతుందో, ఆ గోడ మీద ఏ బల్బు వెలుగు పడుతుందో అడిగాను. "ఫొటో అడిగితే బల్బు సంగతి అడుగుతావేంటే?" అని నవ్వింది. బల్బు మీద రాసి ఉన్న అంకె చూసి చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.